పక్కవాళ్ళు చెప్పకూడదు

మంచం కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టుకున్నానమ్మా, లేకపోతే లేవలేను, అని ఆమె భర్త ప్లైవుడ్ గోడ అవతల నుంచి చెబుతుంటే, ఇవతల కారిడార్ బల్ల మీద కూర్చున్న ఆమెకి అది తన ఇంటి మంచం సంగతని మొదట తోచలేదు. ఎవరో పేషెంటు తన గొడవ చెప్పుకుంటున్నాడనుకుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ గోడకి అవతలే కూర్చుని అలాంటి మాటలు వినడం, గడిలో టిక్కు పెట్టడం, తర్వాతి ప్రశ్నకి పోవడం అలవాటైపోయి, ఒళ్ళో ఉన్న వేళ్ళు తమంతట తామే టిక్కు పెట్టబోయాయి కూడా. ఆ తర్వాత తగిలింది. దిమ్మలు. నాలుగు దిమ్మలు, ఆకుపచ్చ రంగు వేసినవి, జానెడు ఎత్తువి, ఏడాదిన్నర కిందట ఒక ఆదివారం పొద్దున్న ఆయనే రంపంతో కోసి, నునుపు చేసి, రంగేసి, ఆరబెట్టి, మంచం కాళ్ళ కింద దూర్చాడు. ఊడ్చేటప్పుడు నువ్వు నడుం వంచక్కర్లేదోయ్, చీపురు దర్జాగా దూరిపోతుంది, అన్నాడు. ఆమె మురిసిపోయింది. మురిసి ఊరుకుందా? పక్కింటావిడని పిలిచి చూపించింది, ఆసుపత్రిలో నలుగురి మధ్య కూర్చుని చెప్పింది, మా ఆయనకి నా నడుం మీద ఎంత శ్రద్ధో చూడండి అని. తుంటి అరిగినవాళ్ళు మంచం ఎత్తు చేసుకోవాలన్నది ఆసుపత్రి వాళ్ళు అచ్చేసి ఇచ్చే కాయితంలో మూడో సలహా. ఆ కాయితం రోజుకి ఎనిమిదిమందికి ఆమె తన చేత్తో ఇస్తుంది, పక్కన నిలబడి చదివి వినిపిస్తుంది, ఎన్ని అంగుళాలో చేత్తో చూపిస్తుంది. సరిగ్గా అన్ని అంగుళాల దిమ్మల మీద ఏడాదిన్నరగా పడుకుని లేస్తోంది.

ఆ ఆసుపత్రిలో అందరూ ఆమెని సెకన్లమ్మ అంటారు. మెడలో తాడుకి స్టాప్‌వాచీ వేలాడేసుకుని తిరుగుతుంది కాబట్టి ఆ పేరు పడింది, అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. కీళ్ళు అరిగినవాళ్ళు, వాచినవాళ్ళు, బిగుసుకుపోయినవాళ్ళు ఎవరొచ్చినా డాక్టరు కంటే ముందు ఆమె చేతిలో పడాలి. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా అర నిమిషంలో ఎన్నిసార్లు లేవగలరు, కారిడార్‌లో పసుపు టేపు అతికించిన పది మీటర్లు ఎన్ని సెకన్లలో నడవగలరు, మోకాలు ఎంత వంగుతుంది, తుంటి ఎంత తిరుగుతుంది, అన్నీ కొలిచి రాస్తుంది. వీటన్నిటికంటే ముందు ఇరవై ప్రశ్నల కాయితం ఒకటుంది. మెట్లు దిగడం, పడక మీద నుంచి లేవడం, చెప్పులు వేసుకోవడం, స్నానాల గది, బస్సు, ఇలాంటివి. ఒక్కో ప్రశ్నకి ఐదు గళ్ళు: కష్టం లేదు, కాస్త కష్టం, ఓ మాదిరి, బాగా కష్టం, అసలు చేయలేను. మొత్తం కూడితే వందకి ఇన్ని అని ఒక అంకె వస్తుంది, అంకె ఎక్కువైతే మనిషి బాగున్నట్టు. ఎముకల డాక్టరుకి ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదు, ముందు అంకె చూస్తాడు, తర్వాత మనిషిని చూస్తాడు. సొంతవాళ్ళని ఎవరూ కొలవకూడదని నియమం ఉంది కాబట్టి ఈ రోజు లోపల కూర్చున్నది కొత్తమ్మాయి. వచ్చి మూడేళ్ళయినా ఆ పిల్ల అందరికీ కొత్తమ్మాయే. పని నేర్పింది సెకన్లమ్మే. అక్కా, బావగారిని నాకొదిలేసి నువ్వు క్యాంటీన్‌కి పోయి టీ తాగు, గంటలో ముగించేస్తాను, అని ఆ పిల్ల తలుపేసుకుంది. సెకన్లమ్మ వెళ్ళింది కూడా. క్యాంటీన్‌లో కూర్చోడానికి చోటు లేక అయిదు నిమిషాల్లో వెనక్కి వచ్చి ఈ బల్ల మీద కూలబడింది. పైకప్పు దాకా లేని ఆ ప్లైవుడ్ గోడ మీదుగా ఇవతలికి ప్రతి మాటా వినబడుతుందని ఆమెకి తెలియనే తెలియదు. తెలిసే అవకాశం ఏదీ? ఎప్పుడూ ఈ పక్కన కూర్చుంటే కదా.

"చెప్పులు, బూట్లు వేసుకోవడం బావగారూ?" అంటోంది కొత్తమ్మాయి. "ఏ చెప్పులు? కాలు దూర్చేవా, కట్టుకునేవా?" అన్నాడు ఆయన, గొంతులో నవ్వు ఉంది, ఆ నవ్వు ఆమెకి ముప్పై ఏళ్ళుగా తెలుసు. "కట్టుకునేవి." "అవి మానేసి మూడేళ్ళయిందమ్మా. వంగితే కదా కట్టేది." టిక్కు. కాయితం మీద పెన్ను చప్పుడు కూడా వినిపిస్తోంది, లేక తనే ఊహించుకుంటోందా. మూడేళ్ళు. తాళ్ళ బూట్లు తీసి పాతసామాన్లవాడికి ఇచ్చేసి, మెత్తటి జారుడు చెప్పులు కొనుక్కొచ్చిన రోజు తనే వెక్కిరించింది, ఈ వయసులో సోకులు ముదురుతున్నాయి, ఎవరికోసమో అని. ఎవరికోసమో తెలిస్తే నువ్వు ఊరుకుంటావా, అని ఆయన కన్నుగీటాడు. తను నవ్వింది. చెప్పుల వైపు చూసింది గాని కాలి వైపు చూడలేదు. ఎదురుగా వచ్చే ముసలాయన ఏ తుంటి మీద భారం వేస్తున్నాడో నలభై అడుగుల దూరం నుంచి చెప్పగలనని గొప్పలు పోయే మనిషి, పందెం కాసి గెలిచిన మనిషి, కొత్తమ్మాయికి ఇదే పాఠం మూడు నెలలు చెప్పిన మనిషి. ఎవరైనా చూస్తున్నారేమోనని కారిడార్ అటూ ఇటూ చూసుకుంది. ఎవరూ లేరు, చివర్లో తుడిచే బకెట్టు ఒకటి ఉంది.

పక్కవాళ్ళు చెప్పకూడదు. ఆ గదిలో అన్నిటికంటే పెద్ద నియమం అది, గోడమీద అంటించి కూడా ఉంది. ఎంతమంది పెళ్ళాల నోళ్ళు మూయించిందో లెక్కలేదు. మెట్లు దిగడం ఎలా ఉందండీ అని ముసలాయన్ని అడిగితే పక్కనుంచి ఆవిడ, అబ్బే, ఆయనకేం, గబగబా దిగేస్తాడు, అంటుంది. అమ్మా, మీ మోకాళ్ళు కాదు, ఆయన మోకాళ్ళు, ఆయన్నే చెప్పనివ్వండి, అని సెకన్లమ్మ ఆవిడని నవ్వుతూనే బయటికి పంపుతుంది. పంపి, తలుపేసి, ఇప్పుడు చెప్పండి నాన్నగారూ అంటుంది. అప్పుడు గాని నిజం ఊడిపడదు. ఇన్ని తెలిసిన మనిషి రెండేళ్ళ కిందట ఏం చేసింది? ఆయనకి తుంటిలో పోటు అంటే డాక్టరుకి చూపించింది, కొలతలు పట్రమ్మని డాక్టరు అన్నాడు, ఆయనేమో తన సైన్‌బోర్డుల కొట్లో ఎవరిదో బోర్డు అర్జెంటుగా రాస్తున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళ కొత్తమ్మాయి ఎదురుగానే కాయితం ముందు పెట్టుకుని, ఒక చేత్తో ముద్ద, ఇంకో చేత్తో పెన్ను, ఇరవై ప్రశ్నలకీ తనే టిక్కులు పెట్టింది. బావగారు రాలేదా అక్కా, అని ఆ పిల్ల అడగనే అడిగింది. ఆయనొస్తే అన్నీ కోతలే, మగాళ్ళకి ఇంత నొప్పికే అంత మూలుగు, నేనైతే ఉన్నది ఉన్నట్టు రాస్తాను, రోజూ చూస్తున్నదాన్ని నాకు తెలియదా, అంది. తొమ్మిది నిమిషాలు కూడా పట్టలేదు. ఎనభై ఒకటి వచ్చింది. డాక్టరు అంకె చూసి, భేషుగ్గా ఉంది, ఇప్పుడప్పుడే కత్తి అక్కర్లేదు, అని కాయితం ఫైల్లో పెట్టేశాడు. రెండేళ్ళు ఫైల్లో హాయిగా పడుకుంది ఆ అంకె.

పోయిన నెల ఆయన కొట్టు గుమ్మంలో జారిపడితే ఎక్స్‌రే తీయించారు. డాక్టరు ఎక్స్‌రే ఒక చేత్తో, ఆ పాత కాయితం ఇంకో చేత్తో పట్టుకుని, ఇది చూస్తే ఎముక ఎముకని రాసుకుంటోంది, ఇది చూస్తే ఈయన పరుగు పందానికి పోవచ్చు, రెండిట్లో ఒకటి తప్పమ్మా, అన్నాడు. అప్పుడు కూడా ఆమెకి చీమ కుట్టినట్టయినా లేదు. ఫొటోలో ఎముకలు అరిగిపోయినా నిక్షేపంగా తిరిగేవాళ్ళని ఎంతమందిని చూడలేదు, అనుకుంది. ఈ నెల ఆపరేషన్ల జాబితాలో ఒక్క చోటే ఉంది, ఇవాళ సాయంత్రం లోపు కొత్త కొలతలు నా బల్ల మీదకి రావాలి, బాగున్నట్టు వస్తే ఆ చోటు ఇంకొకరికి పోతుంది, మీరు మళ్ళీ ఏడాదికి, ఏడాది ఆగితే మాత్రం కొత్త కీలు బిగించడానికి ఎముకే మిగలదు, ఆ తర్వాత నన్ననకండి, అని చెప్పి పంపాడు. సాయంత్రం లోపు. ఇప్పుడు గంటెంత? మెడలో తాడు తడుముకుంది. స్టాప్‌వాచీ లేదు, కొత్తమ్మాయికి ఇచ్చేసింది.

"ఆగకుండా ఎంత దూరం నడవగలరు?" "రెండు కొట్ల దూరం." "కొట్లంటే ఎన్ని మీటర్లు బావగారూ?" "నాకు మీటర్లు తెలియవమ్మా, బోర్డులు తెలుసు. రెండు బోర్డులకొకసారి ఆగుతాను. ఊరికే ఆగితే మీ అక్క ఎందుకాగారని అడుగుతుంది కదా, అందుకని తలెత్తి బోర్డు చూస్తూ నిలబడతాను. మన అదృష్టం, బోర్డులకి కరువు లేదు." కొత్తమ్మాయి ఫక్కున నవ్వింది. సగంలో ఆపేసింది. ఇవతల సెకన్లమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బస్సు దిగిన దగ్గర్నుంచి ఇంటికి పావుగంట నడక. ఆ పావుగంట ముప్పావుగంట ఎప్పుడయిందో ఆమె గమనించింది, గమనించి విసుక్కుంది కూడా. సైన్‌బోర్డులు రాసేవాణ్ణి కట్టుకున్నందుకు నాకీ శిక్ష, ఊళ్ళో బోర్డులన్నీ మీరే తనిఖీ చేయాలా, అనేది, కూరగాయల సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ. ఆ అక్షరానికి నడుం లేదు చూడు, అనేవాడు ఆయన. ఈ ఎరుపు రెండు వానలకి కారిపోతుంది. ఇది రాసినవాడికి చెయ్యి వణికిందోయ్, పాపం. పాపం అని వేరేవాడి మీద జాలిపడుతూ, కరెంటు స్తంభానికి చెయ్యి ఆన్చి, ఎంతసేపో. పాత గోడౌను దగ్గర బోర్డే లేదు, ఖాళీ గోడ. అక్కడా ఆగేవాడు. ఇక్కడో బోర్డు పడితే ఎంత బాగుంటుందో అనేవాడు. తనకి నవ్వొచ్చింది. వృత్తి పిచ్చి అనుకుంది. ఖాళీ గోడ వైపు చూస్తూ నిలబడ్డ మనిషి పక్కనే నిలబడి, నొసటి మీద ఆ చెమటేమిటని ఒక్క రోజు అడగలేదు.

నిచ్చెన అమ్మేసినప్పుడూ అంతే. ఇప్పుడంతా ప్లాస్టిక్ గుడ్డ మీద మిషన్లు అచ్చుగుద్దేస్తున్నాయి, పైకెక్కి రాసే పని ఎవరిస్తారు, అన్నాడు. ఆ సాయంత్రం ఆమె నిజంగా బాధపడింది, ఎంత చక్కని చెయ్యి, ఈ మిషన్లు వచ్చి నాశనం చేశాయి, అని కనిపించిన ప్రతివాళ్ళ దగ్గరా మిషన్లని తిట్టింది. ఇప్పుడు ఆయన లోపల చెబుతున్నాడు, మొన్న కూడా బడి గోడ నిండా రాసే పని వచ్చిందమ్మా, నేను తప్ప ఎవరూ రాయలేరని హెడ్మాస్టరు స్వయంగా వచ్చాడు, లేదండీ తీరిక లేదన్నాను, అని. తీరిక లేదట. బల్ల ముందు ఎత్తు స్టూలు మీద కూర్చుని గుమ్మాలకి పేర్ల పలకలు రాస్తూ. ఆ స్టూలు కూడా ఆయనే చేసుకున్నాడు, వంటింట్లో ఇంకొకటి చేశాడు, కూరలు తరిగిపెడతాను నీకు, అని. తరుగుతున్నాడు. ఇంటి పని పంచుకునే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు, అని ఆమె చెప్పని చోటు లేదు. అయ్యో. ఎత్తు స్టూలు మీద ఎక్కి కూర్చుంటే తప్ప ఆయన కూర్చోలేడు. తన ఇల్లంతా ఆయన కొద్దికొద్దిగా, ఒక్కో వస్తువూ, పైకి లేపుకుంటూ వచ్చాడు. తను ఆ ఇంట్లోనే తిరిగింది.

"పొద్దున్న పడక మీద నుంచి స్నానాల గది దాకా?" కుర్చీ కిర్రుమంది. "మీ అక్క టీ తాగి ఇంకా రాలేదు కదా?" "లేదు బావగారూ, చెప్పండి." "తను బస్సుకి బయలుదేరేదాకా పేపరు అడ్డం పెట్టుకుని పడుకుంటాను. గడియ చప్పుడు వినబడ్డాక మొదలుపెడతాను. దిమ్మల పుణ్యమా అని ఎలాగో లేస్తాను గానీ ఆ కాలు అప్పటికింకా నాది కాదు. కొన్నాళ్ళు గోడ పట్టుకునేవాణ్ణి. ఈ మధ్య కింద కూర్చుని, చేతుల మీద, పసిపిల్లాడిలాగా..." మాట పూర్తి చేయలేదు. పెన్ను చప్పుడు లేదు. ఇవతల సెకన్లమ్మ అది చూసింది. చూసింది! వానాకాలంలో ఒక పొద్దున్న కళ్ళజోడు మర్చిపోయి సగం దారిలోంచి వెనక్కి వచ్చి తలుపు తీస్తే ఆయన గది మధ్యలో నేల మీద, రెండు అరచేతులూ ఆన్చి, తల పైకెత్తి ఉన్నాడు. ఏంటండీ అది, అంది. బ్రష్షు మూత పడిపోయిందోయ్, మంచం కిందకి దొర్లినట్టుంది, అన్నాడు. తను ఏం చేసింది? కళ్ళజోడు పెట్టుకుని, ఆయన పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, మంచం కింద చెయ్యి పెట్టి వెతికింది. ఆ ఆకుపచ్చ దిమ్మ మీద చెయ్యి వేసుకుని వెతికింది. దొరకలేదండీ, పోతే పోయింది వెధవ మూత, లేవండి, అని బస్సు పోతోందని పరుగెత్తింది. ఆయన లేచాడో లేదో వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రోజు ఆసుపత్రిలో పదకొండుమందిని కొలిచింది. పదకొండుమందిలో ఒకావిడ నేను పాకుతున్నాను తల్లీ అంటే, ఆవిడ చెయ్యి పట్టుకుని తను కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా.

ఇక వినకూడదనుకుంది. లేచి పోదామనుకుంది. నిద్రలో పక్కకి తిరగడం, అని అంటోంది లోపల ఆ పిల్ల, ఆ ప్రశ్న పద్నాలుగోది, సెకన్లమ్మకి నిద్రలో లేపి అడిగినా వస్తుంది. "తిరగను. ఎడమ పక్కకే. కుడి పక్కకి ఆనితే ప్రాణం పోతుంది." కుడి పక్క అంటే తను పడుకునే పక్క. ఏడాదిగా ఆయన వీపు తన వైపు ఉంది. చెల్లెలి ఇంట్లో ఇద్దరికీ మాటా మాటా పెరిగాక, అవును, సరిగ్గా ఆ వారం నుంచే మొదలైంది, కోపం మనసులో పెట్టుకున్నాడు, మొహం చూపించడం కూడా ఇష్టం లేదు కాబోలు, అనుకుంది. ఎంత మూర్ఖుడు అనుకుంది. తనూ పట్టుదలగా గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. నువ్వెంత అంటే నువ్వెంత. ఏడాది పాటు మూడొందల అరవై ఐదు సార్లు కచ్చగా అటు తిరిగింది, ఇటువైపు ఆ మనిషి పళ్ళు బిగబట్టుకుని పడుకున్నాడు. ఒక్కసారి భుజం పట్టి ఇటు తిరగండి అని ఉంటే, తిరగలేనే అని ఉండేవాడేమో. తిరగలేనే అనే ఒక్క మాట. అడగలేదు. అడిగేది ఇక్కడ, పరాయి వాళ్ళని, గడులున్న కాయితం మీద. అక్కడ ఎందుకు అడుగుతుంది, అక్కడ అన్నీ తెలుసు కదా.

"మరి అక్కకెందుకు చెప్పలేదు బావగారూ?" ఇది కాయితంలో లేని ప్రశ్న. ఇలా అడగకూడదని ఆ పిల్లకి తనే నేర్పింది. "చెప్పి ఏం చేయను?" అన్నాడు ఆయన. "మీ అక్క పొద్దస్తమానం కుంటేవాళ్ళనే చూస్తుందమ్మా. ఇంటికొచ్చేసరికి మొహం పీక్కుపోయి ఉంటుంది. తలుపు తీసి నేను కూడా కుంటుకుంటూ ఎదురెళ్ళనా? ఇంట్లోనైనా ఒక మనిషి తిన్నగా నడవాలి కదా." కుర్చీలో ఇంకో పక్కకి సర్దుకున్నాడు. "పైగా ఆ రోజు ఎనభై ఒకటి వేసింది. ఇంటికొచ్చి, మీకు ఫస్టు క్లాసు వచ్చిందండీ, అని పిల్లలా గంతులేసింది. అప్పటికే నా పని సగం అయిపోయింది. ఆ మొహం చూసి ఆ మాట ఎలా అనను? పెళ్ళాం ఇచ్చిన మార్కులమ్మా, పరువు దక్కించుకోవాలి కదా. అప్పట్నుంచీ ఆ ఎనభై ఒకటికి తగ్గట్టు నడుస్తున్నాను." కొత్తమ్మాయి ముక్కు ఎగబీల్చింది. కూడుతోంది కాబోలు, పెదవులు కదుపుతూ, ఆ పిల్లకి నోట్లో లెక్క పెట్టుకునే అలవాటు పోలేదు. "ముప్పై నాలుగు, బావగారూ." "అంటే తప్పానన్నమాట," అన్నాడు ఆయన. "రండి, పది మీటర్లు నడిస్తే అయిపోతుంది." తలుపు గొళ్ళెం చప్పుడైంది. సెకన్లమ్మకి ఎటు పోవాలో తెలియలేదు. దాక్కోవాలనిపించింది, సొంత మొగుడి నుంచి, యాభై నాలుగేళ్ళ వయసులో, బకెట్టు వెనకో ఎక్కడో. లేచి నిలబడేసరికి తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో ఆయన రెండు చేతులూ చెక్కకి ఆన్చి, నడుం వంచి, కుడి కాలు గాల్లో ఉంచి ఉన్నాడు. అది ఒక్క క్షణం. ఆమె కనిపించగానే ఆ మనిషి మాయమయ్యాడు. చేతులు దిగాయి, వీపు నిలువుగా అయింది, మొహం మీదకి నవ్వు వచ్చింది. టీ అప్పుడే అయిపోయిందా, అని పసుపు గీత మీద నిలబడి, కొత్తమ్మాయి పద అనగానే నడిచాడు. హాయిగా, చెయ్యి జేబులో పెట్టుకుని, సాయంత్రం షికారుకి పోతున్నట్టు నడిచాడు. సెకన్లమ్మ కళ్ళు అలవాటు చొప్పున తుంటిని వెతికాయి, కుంటు కోసం వెతికాయి, లేదు, నిజంగా లేదు, ఇందుకే కదా ఎనభై ఒకటి వేసింది. కళ్ళు పైకెత్తింది. మెడ మీద నరం తాడులా లేచింది. జేబులో చెయ్యి పిడికిలి బిగించి ఉంది, గుడ్డలోంచి కణుపులు తెలుస్తున్నాయి. ఇంత చేయాలా తిన్నగా నడవడానికి? రోజూ ఇంత చేశాడా? పదకొండు సెకన్లు, అంది కొత్తమ్మాయి, స్టాప్‌వాచీ వైపు నమ్మలేనట్టు చూస్తూ, ఒక చేతిలో ముప్పై నాలుగు ఉన్న కాయితం, ఇంకో చేతిలో పదకొండు సెకన్లు. డాక్టరు దేన్ని నమ్ముతాడో సెకన్లమ్మకి తెలుసు. మనిషి మాట అటూ ఇటూ అవుతుంది గానీ వాచీ అబద్ధం చెప్పదని ఆ డాక్టరుకి ఇరవై రెండేళ్ళుగా చెబుతూ వచ్చింది తనే. ఈ పదకొండు కాయితమెక్కితే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

"ఆ సెకన్లు రాయకు," అంది.

"నడిచారు కదా అక్కా. నడిచింది నడిచినట్టు రాయాలని నువ్వే కదా..."

"నా కోసం నడిచింది లెక్కలోకి రాదు. మళ్ళీ నడిపించు."

"ఏంటోయ్ ఇది, బాగా నడిచినా తప్పేనా?" అన్నాడు ఆయన. ఆమె ఆయన వైపు తిరిగింది. నేను టీ తాగలేదండీ, ఇక్కడే కూర్చున్నాను, దిమ్మల దగ్గర్నుంచీ విన్నాను, అని చెప్పింది. ఆయన నవ్వు ఒక్కసారిగా పోలేదు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు మొహం మీదే ఉంచుకున్నాడు. "మొత్తం విన్నావా?" "మొత్తం." "పడుకునే సంగతి కూడా?" ఆమె తలూపింది. ఏమన్నా అంటాడేమో, ఏదో ఒక హాస్యం ఆడతాడేమో అని చూసింది, ఆడితే బాగుండుననిపించింది. ఆడలేదు. కారిడార్ గోడకి ఆనుకున్నాడు, ఈసారి దాచకుండానే, అబ్బ అని కూడా అన్నాడు. మళ్ళీ నడవండి, ఎలా వస్తే అలా, అందామె. ఆయన పసుపు టేపు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "నువ్వు చూస్తూ ఉంటే నా వల్ల కాదే," అన్నాడు.

ముప్పై ఏళ్ళలో నా వల్ల కాదు అన్న మాట ఆ నోటి వెంట ఆమె వినలేదు. ఏడుపు రాలేదు, ఇంకా రాలేదు, బిత్తరపోయిన మనిషికి ఏడుపు ఆలస్యంగా వస్తుంది కాబోలు. బల్ల పక్కనే, పసుపు టేపు అంచున, గోడ వైపు తిరిగి నిలబడింది. నేను చూడను, నడవండి. ముక్కుకి రెండంగుళాల దూరంలో గోడ, సున్నం మీద ఎవరో గోటితో గీసిన గీత, పైన చలికాలపు చెమ్మ. వెనక కొత్తమ్మాయి ఆయన్ని చెయ్యి పట్టి గీత దగ్గరికి తీసుకుపోతున్న చప్పుడు. వాచీ టిక్కుమంది. మొదటి అడుగు ఎడమది, అది మామూలుగా పడింది. రెండోది పడలేదు, ఈడ్చుకుంటూ వచ్చింది, చెప్పు నేల మీద బరుక్కుంటూ. ఊపిరి. మళ్ళీ ఎడమ. ఈ నడక ఆమెకి తెలుసు, వేలమందిది విన్నది, ఇలాంటి నడక వినబడితే ముప్పై దాటుతుంది అని మనసులో అనుకుని కుర్చీ దగ్గరికి జరిపి ఉంచేది. ఇది ఆయనది. ఈ చప్పుడు తన ఇంట్లో రెండేళ్ళుగా, తను గడియ వేసిన మరుక్షణం నుంచి మోగుతూనే ఉంది. మూడో అడుగు, నాలుగో అడుగు, ఆగాడు. గోడకి అరచేయి ఆనించీ ఆనించకుండా తీసిన చప్పుడు. పళ్ళ మధ్య నుంచి ఏదో మూలుగు, మనిషి గొంతుదే కానట్టు ఉంది. తిరిగి చూడకూడదు. తిరిగితే మళ్ళీ నిలువుగా అయిపోతాడు. వేలిగోళ్ళు అరచేతుల్లో గుచ్చుకునేలా పిడికిళ్ళు బిగించి నిలబడింది. ఇరవై సెకన్లయిందా, నలభై అయిందా, మొదటిసారి ఆమెకి సెకన్లు తెలియలేదు.

ఊపిరి దగ్గరయింది. తన వెనకే వచ్చి ఆగింది. ఇంకో మూడు మీటర్లు ఉండాలి గీతకి, టేపు అతికించింది తనే కాబట్టి ఆమెకి తెలుసు. ఆ మూడు మీటర్లు ఆయన వైపు నుంచి ఎలా కనిపిస్తున్నాయో తెలియదు. అంతలో భుజం మీద చెయ్యి పడింది. పట్టుకోవడం కాదు, పడింది, ఆ వెనకే మనిషి మొత్తం పడ్డాడు, ఆమె మోకాళ్ళు ఒక్కసారి మడతపడబోయి ఆగాయి. ఇంత బరువా. ఇంత బరువు ఒక్క కాలి మీద మోసుకుని తిరిగాడా ఈ మనిషి, ఎవరి మీదా వేయకుండా. ఆమె గోడకి రెండు చేతులూ ఆన్చి కాళ్ళు దూరంగా పెట్టుకుంది.

"బావగారూ, పట్టుకోకూడదు," అంది కొత్తమ్మాయి భయంగా. "వదిలేసి నడవండి, ఇంకొంచెమే. పట్టుకుంటే సెకన్లు రాయడానికి లేదు. ఆసరా లేకుండా నడవలేరు అని రాయాల్సొస్తుంది."

చెయ్యి తీస్తాడనుకుంది. తీసి, నవ్వి, ఆ మూడు మీటర్లూ ఎలాగోలా నడిచేస్తాడనుకుంది, అది ఆయన పద్ధతి. ఆమె నోరు తెరవబోయి ఆపుకుంది. కారిడార్‌లో ఎక్కడో తలుపు మూసుకుంది. ఆయన ఊపిరి ఆమె మెడ మీద వేడిగా తగులుతోంది, ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి.

"అలాగే రాసెయ్యమ్మా," అన్నాడు ఆయన. "నడవలేనని రాసెయ్యి."

పెన్ను చప్పుడు వినిపించింది. అప్పుడు వచ్చింది ఏడుపు, గోడ వైపు మొహం పెట్టుకుని ఏడ్చింది, భుజం మాత్రం కదలనివ్వలేదు.